వెనక లైటు వెలుగుతోందా?

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లి, ఉయ్యూరు మీదుగా బందరు రోడ్డున బెజవాడ తిరిగొస్తున్నాను. మసక చీకటి పడింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోతున్నారు. ఉన్నట్టుండి నా వెనకే ఓ లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగొచ్చి, "ఒక పక్క లైటే కనబడితే మోటారు సైకిలనుకుని పక్కనుంచి పోబోయానమ్మా! చూసుకోవద్దా?" అన్నాడు. కోపం రావలసింది పోయి నాకు కాళ్లు వణికాయి.

ఆ లైటు సంగతి నాకు తెలియక కాదు. అప్పటికే రెండుసార్లు బల్బు మార్పించాను. నాలుగు రోజులు బాగా వెలగడం, మళ్లీ గుడ్డిదీపమైపోవడం. మూడోసారి వెళితే షెడ్డతను, "వైరింగంతా మార్చాలి. మీకు చెప్తే అర్థం కాదుగానీ సార్‌ని పంపించండి" అన్నాడు. కారు తోలేది నేను, డబ్బులిచ్చేది నేను. అర్థం చేసుకోవాల్సింది మాత్రం సారు!

లారీ సంగతి జరిగిన మర్నాడే ఆటోనగర్ వెళ్లాను. అక్కడో పెద్దాయన బల్బు జోలికే పోలేదు. నన్ను కారు వెనక నిలబెట్టి, లైట్లు వేసి బ్రేకు తొక్కారు. కుడి పక్క వెలుగు పెరగాల్సింది పోయి తగ్గింది. పక్కనున్న ఇండికేటరు సన్నగా మిణుకుమంది. "ఇది బల్బు జబ్బు కాదమ్మా, ఎర్త్ జబ్బు" అన్నారు. బల్బులోకి వెళ్లిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరేది కారు రేకు ద్వారానేట. రేకుకి వైరు బిగించిన చోట తుప్పు పడితే, కరెంటు దారి తప్పి పక్క బల్బులోంచి పోతుందిట.

డిక్కీ లోపలి అట్ట తీసి చూపించారు. స్క్రూ నిండా తుప్పు, హోల్డరు నిండా పచ్చటి చిలుము. "వరదలో మునిగిందా?" అనడిగారు. నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా కారూ మునిగింది. ఇంజను బాగు చేయించి హమ్మయ్య అనుకున్నాం గానీ, జాయింట్లలో చేరిన తడి సంగతి ఎవరం ఆలోచించలేదు. ఆయన బ్యాటరీ వైరు విప్పి, గరుకు కాగితంతో తుప్పు రుద్ది, స్క్రూ బిగించి, కొత్త హోల్డరు వేశారు. అరగంట పని!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కారు వెనక రెండు ఎర్రలైట్లు ఉండాలి. పొద్దుగుంకిన అరగంట తర్వాత అవి వెలగాలి. కానీ తోలేవాళ్లకి తమ వెనక లైటు కనబడదు కదా! అందుకే నెలకోసారి చీకటి పడ్డాక కారు వెనక భాగాన్ని గోడ దగ్గరగా ఆపి, లైట్లు వేసి, బ్రేకు తొక్కి అద్దంలో చూడండి. గోడ మీద రెండు పక్కలా ఎర్రటి వెలుగు సమానంగా పడాలి. ఒక పక్కే లేకపోతే ముందు బల్బు చూడాలి. చాలా పాత కార్లలో ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి. బ్రేకుకి వెలిగి మామూలుగా వెలగలేదంటే, అందులో ఒకటి పోయి ఉండొచ్చు. రెండు పక్కలా లేకపోతే ఫ్యూజు చూడాలి. ఫ్యూజు మారిస్తే అదే నంబరుది వేయాలి. పెద్దది వేస్తే ఫ్యూజుకి బదులు వైరు కాలుతుంది. ఎల్‌ఈడీ లైట్లున్న కొత్త కార్లయితే తెలిసినవాళ్లకి చూపించడమే మేలు.

మరమ్మతు మనమే చేసుకోవాలని నేననడం లేదు. జబ్బేమిటో అడిగి తెలుసుకోవాలంటున్నాను, అంతే. గ్యాస్ పైపుకి సబ్బు నురుగు రాసి లీకు పట్టుకునే మనకి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు.

ఈ రాత్రే ఓసారి గోడ దగ్గర చూసుకోండి. తేడా ఉంటే బాగు చేయించండి. "సార్‌ని పంపించండి" అన్నారో, తాళాలు తీసుకుని ఇంకో షెడ్డుకి వెళ్లండి!