ఓడితే తప్పు కట్టినవాడిదేనా?

లైఫ్ కోచ్‌కి డబ్బు కట్టవచ్చా అని అడిగేవాళ్లకి నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే. పని జరక్కపోతే తప్పెవరిదని ముందే మాట్లాడుకున్నారా?

ఈ వ్యాపారంలో ఫలితం వస్తే అది కోచ్ గొప్పతనం. రాకపోతే మీ మైండ్‌సెట్ లోపం. మీరు మనసు పెట్టలేదు, పాత నమ్మకాలు వదల్లేదు, పై లెవెల్ ప్రోగ్రాంలో చేరలేదు. మేస్త్రీ కట్టిన గోడ కూలితే ఇంటాయనకి నమ్మకం చాలలేదని ఎవడైనా అంటాడా? ఇక్కడ మాత్రం అంటారు. యాభై వేలు పోగొట్టుకున్న మనిషి సిగ్గుతో నోరు మూసుకుంటాడు, ఇంట్లో కూడా చెప్పడు. ఆ మౌనమే వీళ్ల పెట్టుబడి. నాకు ఒళ్లు మండేది డబ్బు పోయినందుకు కాదు, పోయినదానికి బాధ్యత కూడా పోగొట్టుకున్నవాడి నెత్తినే రుద్దినందుకు.

వల వేసే తీరు అందరికీ తెలిసిందే. ఆదివారం పొద్దున జూమ్‌లో 99 రూపాయల వెబినార్. గంటల తరబడి కోచ్ పడ్డ కష్టాలు, తర్వాత కొన్న కారు, ఆనందబాష్పాలు రాలుస్తున్న శిష్యుల వీడియోలు. చివర్లో ధర. అసలు లక్షన్నర, ఈ రాత్రి 12 గంటల్లోపు చేరితే 49,999. అంత లేదంటే సేల్స్ కుర్రాడు ఫోన్ చేసి, మీకు లేనిది డబ్బు కాదు, కమిట్‌మెంట్ అంటాడు. ఆ వెంటనే అప్పు యాప్ లింకు పంపిస్తాడు. వినేవాళ్లెవరు? లేఆఫ్‌లో ఉద్యోగం పోయినవాళ్లు, గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ముప్పై దాటినవాళ్లు, విడాకుల తర్వాత ఒంటరిగా నిలబడిన ఆడవాళ్లు. కాళ్ల కింద నేల కదిలిన మనిషిని అర్ధరాత్రిలోగా తేల్చుకోమనడం అమ్మకం కాదు, దోపిడీ.

మన చట్టానికీ ఇది తెలుసు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఆన్‌లైన్ అమ్మకాల్లో 13 రకాల మోసపు పద్ధతుల్ని నిషేధించింది. ఆ జాబితాలో మొదటిదే లేని తొందర పుట్టించి కొనిపించడం. యాప్‌లో తీసుకున్న అప్పుకైతే, మనసు మార్చుకుని జరిమానా లేకుండా వెనక్కి కట్టేయడానికి కనీసం ఒక రోజు గడువివ్వాలని రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాల్లో ఉంది. ఈ సంగతి వెబినార్‌లో ఎవరూ చెప్పరు.

ఇక అర్హత. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదు కావాలి. లైఫ్ కోచ్ కావడానికి ఏదీ అక్కర్లేదు. 1995లో పుట్టిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ అనే ప్రైవేటు సంఘం తన మొదటి మెట్టు సర్టిఫికెట్‌కే 60 గంటల శిక్షణ, 100 గంటల అనుభవం అడుగుతుంది. చట్టం ఆపాటి కూడా అడగదు. అందుకే నిరుడు చేరిన శిష్యుడు ఈ ఏడాది గురువవుతున్నాడు. కొందరి దగ్గర అన్నిటికన్నా ఖరీదైన కోర్సు ఏమిటో చూడండి. కోచ్ కావడం ఎలా! బతుకు బాగుచేసే విద్య చేతిలో ఉన్నవాడికి ఆ విద్యను అమ్ముకోవడం నేర్పడమే ఎందుకు ప్రధాన ఆదాయమైంది?

నిద్ర పట్టక, చావాలనిపిస్తున్నవాళ్లు కూడా ఈ వెబినార్లలో కూర్చుంటున్నారు. వాళ్లకి కావలసింది వైద్యుడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రాత్రీపగలూ ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు. ఇది తెలిసి కూడా అలాంటి మనిషి దగ్గర ఫీజు గుంజే కోచ్‌ని నేను క్షమించలేను.

కోచింగే దండగ అనను. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన గోపీచంద్ దగ్గర తయారై సైనా 2012లో ఒలింపిక్ కాంస్యం, సింధు 2016లో రజతం తెచ్చారు. అక్కడ కోచ్ పని స్కోరుబోర్డు మీద లోకమంతా చూస్తుంది, ఓడితే కోచ్‌నీ నిలదీస్తుంది. సంస్థల్లో ఉద్యోగులకిచ్చే కోచింగ్ మేలు చేస్తుందని పరిశోధనలూ ఉన్నాయి. ఇంటర్వ్యూలో తడబడకుండా మాట్లాడటం, ఉన్న షాపుకి సరిగ్గా లెక్కలు రాయడం లాంటి ఫలానా పని నేర్పేవాడు, తాను ఆ పని చేసినవాడు, సెషన్‌కింతని తీసుకుని నచ్చకపోతే మానుకోనిచ్చేవాడు దొరికితే నిస్సందేహంగా కట్టండి. ఏం మారాలో, ఎన్నాళ్లలో మారాలో, అది మారిందని మీరు గాక ఇంకొకరు ఎలా చూడగలరో కాగితం మీద పెట్టమనండి. పెట్టనన్నవాడికి రూపాయి కూడా ఇవ్వకండి.

ఇక నిబంధనల సంగతి. పిల్లల కోచింగ్ సెంటర్లకి కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలపు ఫీజు పది రోజుల్లో వాపసివ్వాలంది. అదే ఏడాది నవంబరులో కోచింగ్ ప్రకటనల మీద వచ్చిన నిబంధనలేమో 50 మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకే పరిమితమయ్యాయి, కౌన్సెలింగ్‌ను బయటే వదిలేశాయి. మనసు బాగుచేస్తామని ఫీజు వసూలు చేసేవాళ్లు ఆ సందులోంచే జారుకుంటున్నారు. ఆ సందు మూయాలి. రాతపూర్వక ఒప్పందం, మిగిలిన సెషన్లకు వాపసు, కోచ్ చదివిందేమిటో ప్రకటనలోనే చెప్పడం తప్పనిసరి చేయాలి. ఈలోగా ఎవరైనా ఈ రాత్రికే కట్టమంటే కట్టకండి. కట్టేసి మోసపోయామనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వెబినార్ స్క్రీన్‌షాట్లు, రశీదులు మాత్రం చెరిపేయకండి.