ఆగగలిగినవాడిదే బేరం

హైదరాబాద్ కిరాణా వ్యాపారులకు మెట్రో పేరు కొత్త కాదు. 1964లో జర్మనీలో పుట్టిన ఆ టోకు వ్యాపార సంస్థ 2003లో బెంగళూరులో మన దేశపు తొలి దుకాణం తెరిచింది. తర్వాత హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సహా 21 నగరాల్లో 31 దుకాణాల దాకా పెరిగింది. 2022 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో రూ.7,700 కోట్ల అమ్మకాలు చేసింది. మరుసటి మే నెలకల్లా ఆ వ్యాపారమంతా రూ.2,850 కోట్లకు రిలయన్స్ రిటైల్ చేతికి వెళ్లిపోయింది. అంతకంటే ముందే ఫ్రాన్స్‌కు చెందిన క్యారీఫోర్ 2010 డిసెంబరులో ఢిల్లీలో కొట్టు తెరిచి, ఐదు కొట్లతోనే ఆగిపోయి, 2014లో మూట సర్దుకుంది.

ఐరోపా దిగ్గజాలు ఓడాయి, మన వీధి చివరి కిరాణా కొట్టు గెలిచింది అని అప్పట్లో చాలామంది రాశారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అయితే మెట్రోను కొన్నది కిరాణా సంఘం కాదు, దేశంలోకెల్లా పెద్ద చిల్లర వ్యాపార సంస్థ. గెలిచిందెవరో అక్కడే తెలుస్తోంది. ఈ ఐరోపా సంస్థలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తరిగాయో అర్థం కావాలంటే పారిస్ కంటే దక్షిణ బస్తర్‌లోని ఉసూర్ మేలైన చోటని నా అభిప్రాయం.

ఉసూర్ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా, కర్రెగుట్టలకు అవతలి వైపున ఉన్న బ్లాకు. దోర్లి, గోండి, తెలుగు, హిందీ అన్నీ ఇక్కడి సంతలో కలగలిసి వినిపిస్తాయి. చర్ల, వెంకటాపురం వైపు రాకపోకలూ చుట్టరికాలూ పాతవే. విదేశీ సూపర్‌మార్కెట్ ఇక్కడికి వచ్చే ప్రసక్తే లేదు. 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వ్యాపారంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని అనుమతించినప్పుడు పది లక్షల జనాభా దాటిన నగరాలకే అన్న షరతు పెట్టారు. 2011 లెక్కల ప్రకారం బీజాపూర్ జిల్లా మొత్తం కలిపినా రెండున్నర లక్షల మంది.

అయినా వ్యాపారం లోగుట్టు ఇక్కడ ఆరుబయటే కనిపిస్తుంది. సూపర్‌మార్కెట్లో అమ్మే ముఖం ఒక్కటే మనకు తెలుసు. అది ఎవరి దగ్గర, ఎంతకు, ఎన్నాళ్ల అప్పు మీద కొంటుందో గోదాము వెనక గదిలో జరిగే వ్యవహారం. సంతలో ఆ రెండూ ఒకే గోనెపట్టా మీద జరుగుతాయి. ఉప్పు, నూనె, ఉల్లిగడ్డ, ఎండుచేపలు అమ్మేవాడే చాలాసార్లు ఇప్పపువ్వు, చింతపండు, సారపలుకులు కొంటాడు. చైత్రమాసపు ఎండలో గంప నెత్తిన పెట్టుకుని అడవి దారిన నడిచొచ్చిన ఆడమనిషి సంతలో అడుగు పెట్టకముందే, దారి పక్కన కాటాతో కోచియా, అంటే దళారీ, కాచుకుని ఉంటాడు. చేత్తో పువ్వు నలిపి చూసి తడి ఉందంటాడు, మట్టి ఉందంటాడు, సంచి బరువని కొంత కోస్తాడు. తూకంలో మోసం గురించి అందరూ మాట్లాడతారు. నిజానికి అసలు లాభం తూకంలో లేదు. ఆమె చీకటి పడకముందు ఊరు చేరాలి, ఇంట్లో ఉప్పు నిండుకుంది, మోసుకొచ్చిన గంపను తిరిగి మోసుకుపోలేదు. అతను మాత్రం వచ్చే వారం దాకా, అవసరమైతే వానాకాలం దాకా ఆగగలడు. ఎండల్లో అమ్మిన ఇప్పపువ్వునే వానల్లో ఎక్కువ ధర పెట్టి తిరిగి కొనుక్కునే ఇళ్లు బస్తర్‌లో ఎన్నో. ఒకప్పుడు ఉప్పుకు సారపలుకులు సమానమైన తూకానికి మార్చుకున్న సంగతి ఈ ప్రాంతం గురించి రాసినవారు చెప్పిందే.

క్యారీఫోర్ కథ కూడా ఈ ఆగడం దగ్గరే మొదలవుతుంది. 1959లో మార్సెల్ ఫూర్నియే, దెఫోరే సోదరులు కలిసి స్థాపించిన ఆ సంస్థ 1963 జూన్‌లో పారిస్ శివారులోని సాంత్-జెనెవియేవ్-దె-బ్వాలో 2,500 చదరపు మీటర్ల దుకాణం తెరిచింది. కూరగాయలు, మాంసం, బట్టలు, పెట్రోలు అన్నీ ఒకే చోట, ముందు 450 కార్లు నిలిపే జాగా. చౌక ధర జనాన్ని రప్పించింది. ఆ చౌక ధరకు ఊపిరి పోసింది మాత్రం అరువు. సరుకు పది పదిహేను రోజుల్లో అమ్ముడైపోతుంది, తయారీదారుకు సొమ్ము చెల్లించేది రెండు నెలలకు. ఆ మధ్యకాలంలో ఎదుటివాడి డబ్బు వడ్డీ లేకుండా చేతిలో ఆడుతుంది. దానితోనే మరో కొట్టు, ఆ కొట్టుతో మరింత అరువు. అరలో స్థానం ఇచ్చినందుకు, కరపత్రంలో బొమ్మ వేసినందుకు, ఏడాది చివర అమ్మకం పెరిగినందుకు తయారీదారు నుంచే వసూళ్లు వేరు. ఉసూర్ కోచియా వింటే తన వృత్తికి ఇంత పెద్ద భవనం కట్టారా అని ఆశ్చర్యపోతాడు.

చిన్న దుకాణదారుల గోడు విని ఫ్రాన్స్ ప్రభుత్వం 1973లో రాయెర్ చట్టం తెచ్చింది. పెద్ద దుకాణం కట్టాలంటే స్థానిక కమిషన్ అనుమతి తప్పనిసరి చేసింది. ఫలితం విచిత్రంగా తిరిగింది. అప్పటికే కట్టేసినవారికి పోటీ తగ్గింది, కొత్తవారికి తలుపు మూసుకుంది, చేతిలో డబ్బున్నవారు సముద్రాలు దాటారు. క్యారీఫోర్ 1975లో బ్రెజిల్‌లో, 1995లో చైనాలో కాలుపెట్టింది. 1999లో ప్రొమోదెస్‌ను కలుపుకుని ప్రపంచంలో వాల్‌మార్ట్ తర్వాత రెండోదిగా నిలిచింది. ఆ చట్టం చూసింది దుకాణం వైశాల్యాన్ని. కొనేవాడు అమ్మేవాడిని ఎన్నాళ్లు కూర్చోబెడుతున్నాడన్న దాన్ని చూడలేదు.

తరుగుదల కూడా అటువైపు నుంచే మొదలైంది. 2003లో షాంఘైలో వేయించిన గింజలు అమ్మే వ్యాపారుల సంఘం, ఈ అర రుసుముల బాధ పడలేక క్యారీఫోర్‌కు సరుకు ఆపేసింది. ఊళ్లో మరో నాలుగు చోట్ల అమ్ముకునే వీలున్నవాడు ఇక ఆగనన్నాడు. అలీబాబా వంటి ఆన్‌లైన్ సంతలు వచ్చాక అలాంటి వీలు మరీ పెరిగింది. 2019లో క్యారీఫోర్ తన చైనా వ్యాపారంలో 80 శాతాన్ని 62 కోట్ల యూరోలకు అక్కడి సునింగ్ సంస్థకు అమ్మేసింది. 2023 తొలి నెలల్లో క్యారీఫోర్ పేరుతో నడుస్తున్న దుకాణాల అరలు ఖాళీగా దర్శనమిచ్చాయి. ప్రీపెయిడ్ కార్డుల్లో డబ్బు ఇరుక్కున్నవారు, ఉన్నది ఏదైతే అది పట్టుకుపోదామని పరుగెత్తారు. జపాన్, కొరియా, మెక్సికో, థాయిలాండ్, కొలంబియాల నుంచి ఆ సంస్థ అప్పటికే ఒక్కొక్కటిగా వైదొలగింది.

బ్రిటన్‌లో టెస్కో సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1919లో లండన్‌లో జాక్ కోహెన్ పెట్టిన తోపుడు బండి వ్యాపారం ఆ దేశపు అతిపెద్ద దుకాణ గొలుసుగా ఎదిగింది. 2014 సెప్టెంబరులో లాభాలను సుమారు 25 కోట్ల పౌండ్లు ఎక్కువ చేసి చూపామని ఆ సంస్థే ఒప్పుకుంది. ఎక్కువ చూపింది అమ్మకాల్ని కాదు, సరఫరాదారుల నుంచి రావలసిన రుసుముల్ని! వచ్చే ఏడాది వసూలయ్యేదాన్ని ఈ ఏడాదే లాభంగా రాసుకున్నారు. 2016 జనవరిలో అక్కడి కిరాణా వ్యవహారాల పర్యవేక్షక అధికారి, సరఫరాదారులకు ఇవ్వాల్సిన సొమ్మును టెస్కో తెలిసే ఆలస్యం చేసిందని తేల్చారు. ఇక 2019లో ఐరోపా సమాఖ్య ఆదేశం తెచ్చి, త్వరగా పాడయ్యే సరుకుకు 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలని గడువు పెట్టింది. క్యారీఫోర్ పుట్టిన అరవై ఏళ్ల తర్వాత వాళ్ల చట్టం సరైన చోటికి వచ్చింది.

మన దేశంలో ఈ అరువు యంత్రం ఎందుకు తిరగలేదు? విదేశీ సంస్థలకు చాలాకాలం టోకు తలుపు ఒక్కటే తెరిచారు. మెట్రోకు కొనుగోలుదారు కిరాణా కొట్టు యజమాని. అతను నగదు పట్టుకెళ్లి, సరుకు తానే మోసుకురావాలి. సబ్బుల కంపెనీ డిస్ట్రిబ్యూటరు మాత్రం కొట్టు దగ్గరికే ఆటోలో సరుకు దింపి, వారం పది రోజులు అరువిస్తాడు. ఆ కిరాణా యజమాని తన వీధివాళ్లకు నెల ఖాతా పెడతాడు. ఇక్కడ అప్పు పై నుంచి కిందికి పారుతోంది. అలాంటి చోట ముందు డబ్బు కట్టమంటే ఎవడొస్తాడు? వచ్చినవాళ్లు ఏది చౌకగా దొరికితే అది ఏరుకుని వెళ్లారు. 2012 నాటి అనుమతికి కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తరఫున సరేనంది. కానీ పది కోట్ల డాలర్ల కనీస పెట్టుబడి, 30 శాతం చిన్న పరిశ్రమల నుంచి కొనుగోలు వంటి షరతుల మధ్య ఆ దారిన వచ్చింది టెస్కో ఒక్కటే, అదీ టాటాల ట్రెంట్‌తో సగం వాటాకు.

అరువు మీద కట్టిన ఇల్లు ఎలా కూలుతుందో మనవాళ్లూ చూపించారు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష 1,600 దుకాణాలకు పెరిగి, 2009 నాటికి సరఫరాదారులకూ సిబ్బందికీ చెల్లించలేక మూతపడింది. 1986లో హైదరాబాద్‌లో పుట్టిన త్రినేత్ర ఆదిత్య బిర్లా గ్రూపు చేతిలో పడి ‘మోర్’ బోర్డు కిందికి వెళ్లింది. హెరిటేజ్ ఫ్రెష్‌ను కొన్న ఫ్యూచర్ గ్రూపు 2022లో దివాలా ప్రక్రియకు చేరింది. అదే కాలంలో డీమార్ట్ సరఫరాదారులకు తొందరగా డబ్బు కట్టి, బదులుగా ధరలో రాయితీ తీసుకునే పద్ధతితో నిలదొక్కుకుంది. ఎదుటివాణ్ని ఆపకుండానూ వ్యాపారం చేయవచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. రిలయన్స్ దారి వేరు. విదేశీయుల మీద పెట్టిన కంచె లోపల 18 వేలకు పైగా దుకాణాలు పరిచింది. కంచె కట్టింది కిరాణా కోసమన్నారు, పంట మాత్రం మరొకరు కోసుకున్నారు. రాయెర్ చట్టం చేసిన పనే ఇది.

ఇప్పుడు ఉసూర్ వైపు చూద్దాం. 2005 తర్వాత, మావోయిస్టులకు వ్యతిరేకంగా సాగిన సల్వాజుడుం రోజుల్లో ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి, సంతలు ఆగాయి. జనం సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాకు వలస వచ్చారు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల మీద మావోయిస్టులపై జరిగిన భారీ ఆపరేషన్ తర్వాత భద్రతా శిబిరాలు, వాటి వెంట రోడ్లు, సెల్ టవర్లు వస్తున్నాయి. రోడ్డు వెంట బిస్కెట్టు ప్యాకెట్టు, షాంపూ సాచెట్ వస్తాయి. వాటిని ఆపాలని ఎవరూ కోరడం లేదు, కోరనక్కర్లేదు. అదే రోడ్డు మీద తిరుగు లారీలో ఏ ధరకు, ఎవరి గడువు మీద అడవి సరుకు వెళుతుందన్నదే తేలాలి.

ప్రభుత్వమే ఏకైక కొనుగోలుదారు అయితే సరిపోతుందన్న ఆలోచన మనకు పాతది. దళారుల నుంచి గిరిజనులను కాపాడేందుకు 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఉప్పు, బియ్యం, కిరోసిన్ అమ్మే డిపోలోనే చింతపండు, తేనె, తపసి జిగురు కొనడం దాని పద్ధతి. ఒకరకంగా అదీ దుకాణాల గొలుసే. 1979లో షెడ్యూల్డ్ ప్రాంతాల అటవీ ఉత్పత్తులపై దానికి గుత్తాధికారం కూడా దక్కింది. ఏకైక కొనుగోలుదారు సర్కారు బోర్డు పెట్టుకున్నా ఏకైక కొనుగోలుదారే. డిపోలో డబ్బు లేని రోజు, గుమస్తా రాని రోజు, గంప తెచ్చినామె మళ్లీ సావుకారు గుమ్మం దగ్గరికే వెళ్లింది.

తునికాకు సంగతీ ఇంతే. ఉమ్మడి మధ్యప్రదేశ్‌లో 1964 నుంచే అది ప్రభుత్వ వ్యాపారం. వెయ్యి కట్టల ప్రామాణిక సంచికి ఛత్తీస్‌గఢ్‌లో రూ.2,500 ఉన్న ధర 2019లో రూ.4,000కు, 2024లో రూ.5,500కు పెరిగింది. ప్రతి ఎన్నికల్లో ధర గురించి హామీ ఉంటుంది. డబ్బు ఎన్ని రోజుల్లో చేతికందుతుందన్నది ఎవరూ వేదిక మీద చెప్పరు. ఖాతాలో పడిందని ఫోనుకు సందేశం వస్తే సరిపోతుందని రాయ్‌పూర్‌లో అనుకోవచ్చు. బ్యాంకుకు వెళ్లడమే ఒక రోజు పని అయిన ఊళ్లలో, ఆ ఒక రోజు కూలీ కూడా ధరలోంచి కోత పడినట్టే.

సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 చట్టం చెబుతోంది. అలా చెల్లించని ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో తీసివేయనివ్వబోమని ఆ తర్వాత బిగించారు కూడా. హైదరాబాద్‌లో బిస్కెట్ల తయారీదారుకు ఉన్న ఈ రక్షణ ఇప్పపువ్వు ఏరే మనిషికి లేదు, ఎందుకంటే ఆమె ఏ రిజిస్టరులోనూ పరిశ్రమ కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యాన్ని గ్రామసభకు ఇచ్చాయి. యాజమాన్యం కాగితం మీద ఉన్నా సరుకు నిల్వ చేసే చోటు లేకపోతే ఆ యజమాని ఒక్క సాయంత్రం కూడా బేరం ఆపలేడు. ఉసూర్, ఆవపల్లి, బాసగూడ సంతల పక్కన తేమ తగలని గోదాము, అందులో పెట్టిన పువ్వు మీద అక్కడికక్కడే కొంత నగదు, వానల్లో ధర వచ్చాక మిగతా లెక్క: కావలసింది ఇంతే. ఇది పెద్ద ఖర్చు కూడా కాదు, శిబిరాలకు పెడుతున్నదానితో పోలిస్తే. ఆ గోదాము తాళంచెవి గ్రామసభ దగ్గర ఉండాలా, సహకార సమితి మేనేజరు దగ్గర ఉండాలా అన్నది మాత్రం రోడ్డు పూర్తయ్యేలోపు తేలాలి.