పలక మనది, పేరెవరిది?

మార్కాపురం పలకకు ప్రపంచ బ్రాండ్ హోదా తెస్తామన్న మాట ప్రతి ఎన్నికకీ, ప్రతి మంత్రి పర్యటనకీ తిరిగొస్తుంది. ఇప్పుడు బ్రిటన్‌తో, ఐరోపాతో వాణిజ్య ఒప్పందాల ఊపు ఉంది కాబట్టి మళ్లీ జోరందుకుంది. చప్పట్లు పడతాయి, సభ ముగుస్తుంది. పరాయి దేశంలో ఎవడో ఆ పేరు వాడుకుంటే అడ్డుకునేదెవరు, ఏ కోర్టులో, ఏ కాగితం చూపించి అన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. అసలు సంగతి అదే. పేరుకు విలువ సరుకు నాణ్యత వల్ల వస్తుంది, నిజమే. ఆ విలువ నిలిచేది మాత్రం వెనక ఒక రాజ్యం, ముందు ఒక సంఘం ఉన్నప్పుడే.

నూట ఇరవై ఏళ్ల నాటి చైనాను చూడండి. అక్కడ పాశ్చాత్యుల మీద చైనా చట్టం చెల్లేది కాదు. ఎవరి దేశస్థుణ్ణి వాళ్ల కాన్సులర్ కోర్టే విచారించేది. షాంఘైలో బ్రిటన్ సుప్రీంకోర్టు 1865లోనే వెలిసింది. మరి అమెరికా కంపెనీ వ్యాపార ముద్రను ఒక ఆంగ్లేయ వర్తకుడు దొంగిలిస్తే? అందుకే 1905లో అమెరికా, బ్రిటన్ పరస్పరం లేఖలు రాసుకున్నాయి: నీ దగ్గర నమోదైన మా ముద్రను నీ కాన్సులర్ కోర్టు కాపాడాలి, నీ ముద్రను మా కోర్టు కాపాడుతుంది. అదే ఏడాది ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్ కూడా అమెరికాతో ఇలాగే కుదుర్చుకున్నాయి. సొంత గడ్డ మీద చైనాకు మాట లేని ఆ ఏర్పాటు సామ్రాజ్యవాదమే కదా, దాన్ని మెచ్చుకోవడమేమిటని అడగొచ్చు. మెచ్చుకోనక్కర్లేదు. 1943లో బ్రిటన్, అమెరికా ఆ హక్కులు వదులుకోవడం న్యాయమే. కానీ సబ్బు మీది బొమ్మ కోసం, సిగరెట్ పెట్టె మీది ముద్ర కోసం రాయబారులు కలం పట్టారన్నది గమనించాలి. మన చేతివృత్తుల కోసం అలా కలం పట్టిన వాళ్లెవరు?

ఎవరూ లేరని చీరాల చరిత్రే చెబుతుంది. ఆ చుట్టుపక్కల నేసిన రుమాళ్లు పశ్చిమ ఆఫ్రికాకు ‘మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’గా వెళ్లాయి. రేవు పట్నం పేరు మిగిలింది, నేసిన ఊరి పేరు కరిగిపోయింది. నూలుకు నూనె పట్టించి నేసే తేలియా రుమాలుకు చీరాల పుట్టిల్లు. 2020లో భౌగోళిక గుర్తింపు మాత్రం తెలంగాణలోని పుట్టపాక పేరున వచ్చింది. పుట్టపాక నేతగాళ్లను తప్పుపట్టేదేమీ లేదు, వాళ్లు విద్యను వదల్లేదు, సంఘంగా నిలబడ్డారు. మనమే నిలబడలేదు. పలకదీ అదే దారి. దిమ్మ అంచున ఉలి ఆనించి కొడితే పొర పొరగా విడిపోయే ఆ రాయి ఒకప్పుడు చెక్క చట్రంలో ఒదిగి బడిపిల్లల చంకనెక్కింది. ప్లాస్టిక్ పలక, నోటుపుస్తకం దాన్ని బడి నుంచి తరిమాక గోడలకూ నేలకూ పరిచే రాయిగా ఓడలెక్కుతోంది. విదేశీ దుకాణంలో మాత్రం అది రంగు పేరుతోనో, వట్టి ‘ఇండియన్ స్లేట్’గానో అమ్ముడుపోతుంది.

రాయికి ఊరి పేరేమిటి, కాంట్రాక్టరు చూసేది మందమూ ధరే కదా అనేవాళ్లున్నారు. మక్రానా పాలరాయికి మన దేశంలోనే భౌగోళిక గుర్తింపు ఉంది. వేల్స్ పలకరాతి గనుల ప్రాంతం 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. 2025 డిసెంబర్ 1 నుంచి ఐరోపా సమాఖ్య చేతివృత్తుల, పారిశ్రామిక వస్తువులకూ ఈ రక్షణ తెరిచింది. అందులో సహజ శిలలున్నాయి, బయటి దేశాల ఉత్పత్తిదారులూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఒక షరతుంది: ముందు సొంత దేశంలో రక్షణ ఉండాలి. 1905 నాటి షరతుకూ దీనికీ పోలిక కనబడుతూనే ఉంది. నమోదు లేనివాడికి న్యాయం లేదు. చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీ మొదటి మెట్టు. పై మెట్టు ఢిల్లీ ఎక్కించాలి.

పేరొస్తే కూలీకేం ఒరుగుతుందన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. కోత యంత్రం దగ్గర సిలికా దుమ్ము పీల్చే ఊపిరితిత్తులకు ఏ ముద్రా మందు కాదు. అందుకే దుమ్ము అణిచే ఏర్పాటు, కూలీల వైద్య పరీక్ష ఆ గుర్తింపు నిబంధనల్లోనే రాయించాలి. అయినా ఈ మార్కాపురం ప్రాంతంలో కొదవ లేని రాయి ఒకటుంది, శిలాఫలకం. వెలిగొండ సాగునీటి ప్రాజెక్టుకు 1996లో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2024 మార్చిలో ఇంకొకరు జాతికి అంకితం చేశారు. 4.47 లక్షల ఎకరాలకు నీళ్లన్నారు, 15 లక్షల మందికి తాగునీరన్నారు. అంకితం చేసిన నాటికి నిర్వాసితుల పునరావాసమే పూర్తి కాలేదు. గిద్దలూరు నుంచి కనిగిరి దాకా ఫ్లోరైడ్ నీళ్లు తాగి, కరువొస్తే వలసపోయే జనానికి పలక పేరు మీదా ఇంకో ఫలకమే దక్కేటట్టుంది. వద్దు. ఉత్పత్తిదారులను, కూలీలను ఒక సంఘంగా కూర్చోబెట్టండి, దరఖాస్తు నింపండి, ఐరోపాతో చర్చల బల్ల మీద మార్కాపురం పేరు పెట్టించండి. అది చేతకాకపోతే బ్రాండ్ అన్న మాట ఇంకెత్తకండి.