ఆ రీసెట్ బటన్ ఎవరి కోసం?

నేను మండల కేంద్రంలో నెట్ సెంటర్ నడుపుతాను. దరఖాస్తులు నింపడం, హాల్ టికెట్లు తీసివ్వడం, రైలు టికెట్లు బుక్ చేయడం రోజూ ఉండే పని. జనం పక్కన కూర్చుని చూస్తూ చూస్తూ గమనించిందొకటే: వెబ్‌సైట్లో అక్షరాల కంటే ముందు రంగు, సైజు, చోటు చూస్తారు. చదువు రానివాళ్లే కాదు, డిగ్రీ పిల్లలూ అంతే. ఎరుపు కనిపిస్తే చాలు, ఏదో తప్పు జరిగిందని చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

మొన్నొక స్కాలర్‌షిప్ ఫారం. చివర్లో సబ్మిట్, రీసెట్ బటన్లు. రెండూ ఒకే నీలం, ఒకే సైజు, మధ్యలో సందే లేదు. ఓ అమ్మాయి ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అన్నీ ఓపిగ్గా కొట్టి రీసెట్ నొక్కింది. చెరిపేయమంటారా అని ఆ పేజీ మాటవరసకైనా అడగలేదు. మొత్తం ఖాళీ. "నేనేం తప్పు చేశానన్నా?" అంది, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే. బటన్లు రెండూ ఒకేలా ఉంటే ఏది నొక్కినా ఒకటేననుకోవడం ఆ పిల్ల తప్పెలా అవుతుంది?

ఇది నిర్లక్ష్యం. కావాలని చేసేవి వేరే ఉన్నాయి. టికెట్ కొనేచోట బీమా 'కావాలి' అన్నది ముదురు రంగులో పెద్దగా, 'వద్దు' అన్నది తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగులో. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ చెబుతోంది; ఆ లేత బూడిద దానికి అందదు. ఇలాంటి మాయలకు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. మన దగ్గర కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చి 13 రకాల మాయలను పేర్కొంది. 'వద్దు' అన్నదాన్ని వెలిసిన రంగులో పెట్టడం కూడా అందులో ఉంది. రంగుతోనూ అబద్ధం చెప్పొచ్చని ప్రభుత్వమే ఒప్పుకోవడం నాకు బాగా నచ్చింది. ఇలాంటివి మీకు ఎదురైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

నిర్లక్ష్యానికి మాత్రం అడిగేవాళ్లు లేరు. చివరి తేదీ దాటిపోతే నష్టం పిల్లలకే. అందుకే ఫారాలు తయారుచేసే వారికి నా విన్నపం: సైట్ తెరిచే ముందు ఒక పూట మాలాంటి సెంటర్లో కూర్చోండి. పదో తరగతి పిల్లకు ఏమీ చెప్పకుండా నింపమని, చెయ్యి ఎక్కడ తడబడుతోందో చూడండి. రీసెట్ బటన్ మటుకు ఇవ్వాళే తీసేయండి. దాన్ని కావాలని నొక్కినవాళ్లను నేనింతవరకు చూడలేదు.