బడి సంగతి పిల్లలు చెప్పవలదా?

సాయంకాలమున బిడ్డ బడినుండి వచ్చి సంచి దింపునంతలోనే మనము వేయు ప్రశ్న యొకటే: ఎన్ని మార్కులు వచ్చినవి? అంకె యొకటి చెప్పి బిడ్డ వెడలిపోవును. ఆ దినమున వాడు పడిన భయము, పొందిన యవమానము, సంపాదించుకొన్న స్నేహము మన చెవిని బడనే పడవు. బడివేళకు కడుపునొప్పి యనిన బిడ్డను దొంగవేషము వేయుచున్నావని గదమాయింతుము. ఆ నొప్పి పలుమారులు నిజమైనదే. నోట చెప్పరాని భయమును దేహము చెప్పునని వైద్యులెఱుగుదురు. సోమవారమున మాత్రమే వచ్చు నొప్పికి వామునీరు మందు కాదు.

2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులో నున్నది. బిడ్డను కొట్టరాదనియు, మానసికముగ వేధింపరాదనియు 17వ సెక్షను శాసించుచున్నది. ఇది పలువురెఱిగినదే. 29వ సెక్షనును చదివినవారు మాత్రము అరుదు. బిడ్డను భయాందోళనలనుండి విడిపింపవలెననియు, తన యభిప్రాయములను స్వేచ్ఛగ చెప్పుకొనుటకు తోడ్పడవలెననియు అందున్నది. చెప్పనిచ్చుట చాలదు, తోడ్పడవలెను. దెబ్బతిన్న బిడ్డ నోరు విప్పనిచో 17వ సెక్షను వట్టి కాగితమే గదా!

ఏ భాషలో నోరు విప్పవలెను? గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరభాష నేర్చి, సవర బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. అట్టి మహనీయుని గన్న జాతిలోనే, 2009లో, కడప జిల్లా మైదుకూరున, తెలుగు మాటాడిరని పసివారి మెడలలో పలకలు వ్రేలాడదీసిరి. దుఃఖము ఇంటిభాషలోనే పొంగివచ్చును. ఆ భాషను బడిగుమ్మము వెలుపల విడిచి రమ్మనిన బిడ్డ, దుఃఖమును గూడ మ్రింగుకొనుట నేర్చుకొనును.

ఇంటివారు చేయదగినది కష్టమైనది గాదు. ఎవరి ప్రక్కను కూర్చుంటివి, అన్నము ఎవరితో తింటివి, నేడు నవ్వు దేనికి వచ్చినది అని యడుగుడు. బొమ్మ గీయనిండు. అన్నిటికంటె, వీధియరుగుమీద పిల్లలు బడియాట ఆడునపుడు చాటుననుండి చూడుడు. పంతులు వేషము వేసిన బిడ్డ బెత్తమెట్లు పట్టునో, ఏ మాటతో తిట్టునో, ఎవరిని వెనుకబల్లకు పంపునో గమనించినచో తనిఖీదారుడు వ్రాయలేని నివేదిక మీకు దొరకును. విన్నవెంటనే బిడ్డను గాని పంతులుగారిని గాని దండింపబూనకుడు. అట్లు చేసిన, మఱునాడు ఆట మానివేయుదురు.

ఉపాధ్యాయులను నిందించుట మా యుద్దేశము గాదు. ఐదు తరగతులను ఒక్కరే మోయు పంతులుగారికి ఒక్కొక్క బిడ్డను పలుకరించు తీరిక యెక్కడిది? కాని ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సమితులలో చట్టరీత్యా ముప్పాతికపాలు తల్లిదండ్రులే యుండవలెను. ఆ సమావేశములలో గోడలను గూర్చియు, మరుగుదొడ్లను గూర్చియు చర్చ జరుగును. మరుగుదొడ్డి కట్టించిన పిమ్మటగూడ బాలికలు సాయంకాలము వఱకు నీరు త్రాగక యేల యుందురో వారినడిగినగాని తెలియదు.

కొన్ని బడులలో ఫిర్యాదు పెట్టెలు గోడలకు వ్రేలాడుచున్నవి. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని జేబులో నున్నంతకాలము వానిలో దుమ్ము తప్ప వేఱేమియు పడదు. దానిని సమితిలోని ఒక తల్లి చేతికిచ్చి, పేరు వ్రాయని చీటీలను నెలకొకమారు ఆమె యెదుటనే తెఱువవలెనని మా సూచన. రాబోవు సమావేశముననే దీనిని తీర్మానింపవచ్చును.