చట్టం సరే... గడప సంగతేంటి?

నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్తుంటే దారిలో ఫిరంగిపురం వస్తుంది. ఆ చుట్టుపక్కలే వేములూరుపాడు, అమీనాబాదు అని రెండు ఊళ్లున్నాయి. ఒకప్పుడు రెండూ సత్తెనపల్లి తాలూకాలోవే. మొదటి ఊళ్లో 1877లో పుట్టిన అబ్బాయి ఉన్నవ లక్ష్మీనారాయణ. రెండో ఊళ్లో 1882లో పుట్టిన అమ్మాయి లక్ష్మీబాయమ్మ. ఆయన పేరు వినగానే ఎవరికైనా 'మాలపల్లి' నవల గుర్తొస్తుంది. కానీ ఆ భార్యాభర్తలిద్దరూ కలిసి చేసిన మరో పని ఉంది. అది అంతకన్నా చిన్నదేం కాదు.

లక్ష్మీబాయమ్మది చిన్ననాటి పెళ్లి. ఆ రోజుల్లో అందరివీ అంతే. ఆడపిల్ల పెళ్లికి కనీస వయసంటూ శారదా చట్టం వచ్చింది 1929లో. అప్పటిదాకా బొమ్మలాడుకునే వయసులోనే తాళి పడేది. పెళ్లికొడుక్కి ఏ కలరానో వస్తే ఆ తాళి అంతే తొందరగా తెగేది. ఆపైన తల గొరిగించడం, ఒంటిపూట తిండి, చీకటి గది. తన తోటిపిల్లల్లో ఎవరికైనా జరగొచ్చు. తనకే జరగొచ్చు. ఈ దంపతులు ఆ పనికి ఎందుకు పూనుకున్నారని అడిగేవాళ్లు కారణం కోసం మరీ దూరం వెళ్లనక్కర్లేదు.

చట్టం లేకనా? 1856లోనే వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. అయినా రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 దాకా ఆగాల్సి వచ్చింది. పాతికేళ్లు! ఎందుకంటే పెళ్లి చేసుకోవచ్చని మాత్రమే చట్టం చెప్పింది. అప్పటిదాకా ఆ పిల్లకు అన్నం ఎవరు పెడతారు, ఎవరి ఇంట్లో ఉంటుంది... ఇవేవీ చెప్పలేదు. పెళ్లి జరిపించినందుకు వీరేశలింగం ఇంటిని ఊరు వెలేసింది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందె మోసిందీ, వండి వడ్డించిందీ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మే.

అదే బాటలో 1902లో ఉన్నవవారు గుంటూరులో వితంతు శరణాలయం తెరిచారు. ఆయన వకీలు. సభల్లో మాట్లాడటానికి ఆయనొక్కడూ చాలు. కానీ పుట్టింటికీ అత్తింటికీ కాకుండా పోయిన పిల్ల మూట పట్టుకుని వస్తే, తలుపు తీసి 'లోపలికి రామ్మా' అనడానికి ఓ ఇల్లాలు కావాలి. ఆ ఒక్క మాటకు పేరంటాల పిలుపులు ఆగిపోతాయి, బంధువులు మొహం చాటేస్తారు. అందుకే ఇది ఒక మనిషి చేసే పని కాదు, ఆలుమగలు కలిసి చేయాల్సిన పని.

ఇరవై ఏళ్ల తర్వాత, 1922లో అదే గుంటూరులో శారదానికేతనం మొదలైంది. పల్నాటి పుల్లరి ఉద్యమం, లక్ష్మీనారాయణ జైలు, అక్కడే 'మాలపల్లి' రాయడం... అన్నీ ఆ రోజుల్లోనే. శారదానికేతనంలో ఆడపిల్లలకు చదువుతో పాటు చేతిపనులూ నేర్పారు. శరణాలయానికీ దీనికీ ఎంత తేడా ఉందో గమనించారా? భర్త పోయిన పిల్లకు మరో భర్తను చూడటం ఒక దారి. తన కాళ్లమీద తాను నిలబడే విద్య చేతిలో పెట్టడం ఇంకో దారి. మొదటిది కుదిరినా కుదరకపోయినా రెండోది ఎప్పటికీ తోడుంటుంది. లక్ష్మీబాయమ్మ కూడా ఇల్లు, బడితో ఆగిపోలేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1956లో ఆవిడ, 1958లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు తలలు గొరిగించడం లేదు కదా అంటారా? నిజమే. కానీ ఏ పెళ్లికైనా వెళ్లి చూడండి. కన్నకూతురి పెళ్లిలో కూడా స్తంభం వెనక నిలబడి తలంబ్రాలు చూసే తల్లులు ఇప్పటికీ కనిపిస్తారు. ఎవరూ నిలబడమనరు. కాకపోతే ముందుకు రమ్మని కూడా ఎవరూ అనరు.

పత్తి, మిర్చి పండే ఈ పల్లెల్లో ఇంకో బాధ కూడా ఉంది. ఇంటాయన పోతే అప్పు మిగులుతుంది. కౌలు సంగతి చాలాసార్లు నోటిమాటే, కాగితం ఉండదు. అప్పులవాళ్లు వచ్చి నిలబడేది ఆమె గుమ్మంలోనే. ఓదార్పులు పదకొండో రోజుతో అయిపోతాయి. పన్నెండో రోజు నుంచి ఆమె ఏం చేసుకుని బతకాలి? 1922లో శారదానికేతనం జవాబు వెతికింది ఈ ప్రశ్నకే.

అంత పెద్ద సంస్థ మనం పెట్టలేకపోవచ్చు. వీధిలో అలాంటి ఇల్లాలు ఒకరుంటే, కుట్టుమిషనో, ఆగిపోయిన చదువో, చిన్న కొట్టో... ఏది ఆమెకు ఆసరా అవుతుందో ఆలుమగలిద్దరూ వెళ్లి అడగొచ్చు. మీ ఇంట్లో ఈసారి పెళ్లి జరిగితే, వెనక నిలబడ్డ అత్తనో పిన్నినో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి 'మొదటి అక్షింతలు నువ్వే వెయ్యాలి' అనొచ్చు. దానికి చట్టం అక్కర్లేదు. ఇంటాయనా ఇల్లాలూ ఒక్కమాట మీద ఉంటే చాలు.