నాన్న వచ్చేదాకా మేలుకోబెట్టొద్దు

రాత్రి తొమ్మిదిన్నరకు మా కొత్తపేటలో ఏ అపార్ట్‌మెంటు మెట్లెక్కినా రెండు మూడేళ్ల పిల్లల కేకలే వినిపిస్తాయి. సోఫా మీంచి దూకుతుంటారు, వరండాలో సైకిల్ తొక్కుతుంటారు. "మావాడికి నిద్రే రాదు పిన్నీ, పదకొండయినా కన్ను మూయడు" అని కింది ఇంటి అమ్మాయి మొత్తుకుంటుంది. నిద్ర రాక కాదు. ఏడున్నరకు వచ్చిన నిద్రను మనమే చెడగొడుతున్నాం.

ఎందుకంటే వాళ్ల నాన్న ఇంకా ఇంటికి రాలేదు. 2018లో హైదరాబాద్ మెట్రో మా వైపు ఎల్బీనగర్ దాకా వచ్చింది, ఆ మరుసటి ఏడు హైటెక్ సిటీకీ వెళ్లింది. ఈ చివర ఇల్లు, ఆ చివర ఉద్యోగం మామూలైపోయింది. అమీర్‌పేటలో రైలు మారి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో దిగి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర, తొమ్మిది. బిడ్డ ముఖం చూడాలని ఏ తండ్రికి ఉండదు? అందుకని ఆవలిస్తున్న పిల్లకు ఫోన్ చూపించి, బిస్కెట్ చేతికిచ్చి మేలుకోబెడతారు. ఆయన వచ్చాక ఎగరేసి ఆడిస్తాడు. అప్పుడు వచ్చే హుషారు ఓపిక కాదు, అలసట ముదిరి వచ్చే కలవరం. అట్లా పడుకున్న పిల్లలే అర్ధరాత్రి ఏడుస్తూ లేస్తారు.

ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పదకొండుకు పడుకుని, ప్లేస్కూల్ కోసం ఏడింటికి లేచే పిల్లకు మధ్యాహ్నం రెండు గంటలు కలిపినా పదే. ఎదుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది కూడా గాఢ నిద్రలోనే.

మా ఇంట్లో మనవడి సంగతి వచ్చినప్పుడు నా కొడుక్కి ఒకటే చెప్పాను: "బిడ్డా, వాణ్ణి చూడాలంటే పొద్దున చూడు." ఇప్పుడు వాడి పొద్దు మొత్తం నాన్నదే. లేపడం, నీళ్లు పోయడం, ఇడ్లీ తినిపించడం, ప్లేస్కూల్ గేటు దాకా ఎత్తుకెళ్లడం అన్నీ ఆయనే. సాయంత్రం నాది. మూడున్నర దాటాక పడుకోనివ్వను. అయిదింటికి పార్కులో పరుగెత్తిస్తాను. ఏడింటికల్లా పెరుగన్నం అయిపోవాలి, టీవీ, ట్యూబులైటు ఆగిపోవాలి. జీరో బల్బు, దోమతెర, రోజూ అదే కుందేలు కథ. రెండేళ్లలోపు పిల్లలకు వీడియో కాల్ తప్ప ఏ తెరా వద్దని భారత పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. రెండు దాటిన వాళ్లకైనా పడకటింట్లోకి ఫోన్ రానివ్వకూడదంటాను.

అన్నిటికంటే ముఖ్యం, వాణ్ణి పూర్తిగా నిద్రపోకముందే పక్క మీద పడుకోబెట్టడం. పిల్లలందరూ రాత్రిలో కొన్నిసార్లు మేలుకుంటారు. కన్ను మూసేటప్పుడు ఏముందో, మళ్లీ మెలకువ వస్తే దాన్నే వెతుక్కుంటారు. అది ఉయ్యాల ఊపు అయితే ఒంటిగంటకు ఊపమంటారు. పాలసీసా అయితే సీసా అడుగుతారు, ఆ సీసాతో పళ్లు కూడా పుచ్చుతాయి. కొత్తలో మా వాడు చెయ్యి చాచి ఎత్తుకోమన్నాడు. ఎత్తుకోలేదు, వీపు మీద చెయ్యి వేసి పక్కనే పడుకున్నాను. కాసేపు గునిశాడు, నా కొంగు చివర వేలికి చుట్టుకుని నిద్రపోయాడు. వేరే గదిలో వదిలి ఏడవనివ్వమనే పాశ్చాత్య పద్ధతి ఒకటుంది. ఒకే పడకగదిలో నలుగురు పడుకునే మన ఇళ్లకు అది కుదరదు, నా మనసూ ఒప్పదు. పక్కన మనిషి ఉండగానే పిల్ల తనంతట తాను నిద్రపోవడం నేర్చుకుంటుంది.

ఇంత చేసినా నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించాలి. రోజూ గురక పెట్టినా, నోరు తెరిచి ఊపిరి తీసినా ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచి ఉండవచ్చు. ఐరన్ తక్కువైతే కాళ్లు కుదురుగా ఉండవు, నిద్ర చెదురుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నిద్ర కోసం జలుబు సిరప్ పట్టేవాళ్లను చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే రాయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది.

ఇంట్లో ఎంత చేసినా వీధి సహకరించాలి. మా దగ్గరున్న పండ్ల మార్కెట్ బాటసింగారం వెళ్లాక మాకు లారీల రొద తగ్గింది, పెళ్లి బరాత్‌ల రొద తగ్గలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి. రాత్రి పది అనేది పెద్దవాళ్ల రాత్రికి పెట్టిన హద్దు. రెండేళ్ల పిల్లకు ఎనిమిదికే రాత్రి. అయినా పదిలోపు ఏ మోతైనా చెల్లుతుందని కాదు. నివాస ప్రాంతంలో పగటి హద్దు 55 డెసిబెల్స్, లౌడ్‌స్పీకర్ ఏ వేళ పెట్టినా రాతపూర్వక అనుమతి ఉండాలి. మా కిటికీ అద్దాలు అదిరే డీజేకు ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది?

ఆ అనుమతి ఇచ్చేటప్పుడే ఇళ్ల సందుల్లో ఎనిమిది దాటితే డీజే మోగకూడదని పోలీసులు షరతు రాయాలి. కాలనీ సంఘాలు ఫంక్షన్ హాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మా సంఘం తరఫున ఆ కాగితం నేనే రాసి, వచ్చే పెళ్లిళ్ల సీజన్‌కు ముందే చుట్టుపక్కల హాళ్లన్నిటికీ ఇచ్చి వస్తాను.